మూడోరోజు కూడిక

"నీకేటి, వొచ్చే ఏడు రాస్తావులే. బియ్యం కడుగు," అంది మా ఆడబిడ్డ రత్నాలు వదిన.

నేను కడుగుతూనే ఉన్నాను. మా అత్త తెరిసమ్మను ముందురోజే సమాధి చేశాం. ముంచింగిపుట్టు చర్చివాళ్లు, కొయ్యూరు నుంచి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. మర్నాడు ఆమె పేరున మూడోరోజు ప్రార్థన కూడిక, భోజనాలు. మర్నాడే విశాఖపట్నంలో టీచర్ ట్రైనింగు ప్రవేశ పరీక్ష. మా ఆయన లాజరస్‌కీ నాకూ, ఇద్దరికీ హాల్‌టికెట్లు వచ్చాయి.

నన్ను చదవమన్నది మా అత్తే. ఆమెకు అక్షరం రాదు. చర్చిలో బైబిలు ఒళ్లో పెట్టుకుని మాత్రం కూర్చునేది. మధ్యాహ్నం పాపను చంకనేసుకుని కాఫీ తోటవైపు వెళ్లిపోతూ, "బేగి సదువుకో మెర్లినూ. గుంట ఏడిసినా నువ్వు రాకు, నాను సూసుకుంతాను," అనేది. వారం తిరగని జ్వరం. పాడేరు ఆసుపత్రికి జీపులో తీసుకెళ్తుంటే ఘాట్ మలుపులో, నా ఒళ్లోనే ప్రాణం పోయింది. ఆఖరున మంచినీళ్లు అడిగింది. సీసా అప్పటికే ఖాళీ అయిపోయింది.

సాయంత్రం ఆయన బ్యాగు సర్దుకున్నాడు. "నాను టీచర్నవ్వాలని మాయమ్మకెంత ఆశ! ఇప్పుడు మానేత్తే ఆమె ఆత్మ ఒప్పుకోదు," అన్నాడు. అందరూ తలలూపారు. సంఘపెద్ద ఆయన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశాడు.

"నానూ వొత్తాను," అన్నాను.

వదిన నోరు నొక్కుకుంది. "ఇంటి కోడలివి. కూడిక పెట్టుకుని నువ్వూ ఎల్లిపోతే ఇంతమందికి ఎవులొండుతారు? జనం ఏటనుకుంతారు?"

ఆయన వైపు చూశాను. ఆయన వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నాడు. చాలాసేపు సరిచేసుకున్నాడు.

మర్నాడు పొయ్యి దగ్గర ఏడ్చాను. ఆడవాళ్లు "అత్తంటే ఎంత పేమో" అంటూ నా వీపు నిమిరారు. ప్రేమే. కానీ ఏ కన్నీరు ఆమె కోసమో, ఏది పరీక్ష కోసమో నాకే తెలియలేదు. తెలియనందుకు సిగ్గుపడ్డాను. ఆమే ఉంటే నన్ను నెట్టుకుంటూ తీసుకెళ్లి బస్సెక్కించేది. నా తరఫున మాట్లాడే ఒక్క మనిషినీ మట్టిలో పెట్టి వచ్చి, ఆ మనిషి పేరు మీదే నన్ను వంటింట్లో ఉంచారు.

ఆయనకు సీటొచ్చింది. హాస్టల్లో చేరి ఎప్పుడో ఒక ఆదివారం వచ్చేవాడు. మామకు వండడం, ఆవుల్ని కట్టడం, పాపను చూసుకోవడం అన్నీ నావే. పాడేరు డిగ్రీ కాలేజీలో ప్రవేశ పరీక్ష లేదని, ఇంటర్ మార్కులు చాలని సంతలో విన్నాను. ఎవరికీ చెప్పకుండా పాపనెత్తుకుని బస్సెక్కాను.

అక్కడ జయశ్రీ అనే లెక్చరరు నా మార్కులు చూసింది. "ఇంత బాగా చదివినదానివి, ట్రైనింగు పరీక్ష ఎందుకు రాయలేదమ్మా?"

"రాద్దామనే మా ఆయనా నేనూ హాల్‌టికెట్లు తెచ్చుకున్నామండి. సరిగ్గా అప్పుడే మా అత్త పోయారు."

"అయ్యో. మీ ఆయన కూడా మానేశారా?"

"లేదండి. రాశారు."

ఆమె నా మొహంలోకి చూసింది. "పోయినావిడ ఎవరి తల్లమ్మా?"

"ఆయన తల్లేనండి."

పైకి అన్నాక గాని ఆ మాట నాకు వినబడలేదు. ఆ ఇంట్లో ఎవరూ నన్ను అలా అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. ఆమె పాప చేతిలో బిస్కెట్టు పెట్టి, దరఖాస్తు నా ముందుకు జరిపింది. ఆమె చూపించిన చోటల్లా నేను సంతకం పెట్టాను.

ఆయన వచ్చినప్పుడు అన్నం వడ్డించి చెప్పాను. "నాకు పాడేరు కాలేజీలో సీటొచ్చింది. పాపని తీసుకుని ఎల్తాను. ఆడే మా సిన్నమ్మ ఇంట్లో ఉంతాం."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మరి మా నాయన్నెవులు సూత్తారు?"

పెళ్లయినప్పటి నుంచీ అలాంటి ప్రశ్న ఆ ఇంట్లో పుట్టడమే తరువాయి, జవాబు నేనే అయిపోయేదాన్ని. మామంటే నాకు జాలి లేక కాదు. అయినా ఈసారి పాప గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుకున్నాను. ఆ ప్రశ్నను అడిగినవాడి దగ్గరే వదిలేశాను.