జీడితోట మలుపు

శనివారం సాయంత్రం బయల్దేరే ముందు కారు లైట్ల అద్దాలు తుడవడం నా పని. వారం కిందటి పురుగులు ఎండి అతుక్కుపోయి ఉంటాయి, గోరు పెట్టి గీకితే గాని రావు. బడి నుంచి వచ్చి, వంట ముగించి, క్యారేజీ కట్టి, కొంగు నడుముకి దోపుకుని నేను అద్దాలు రుద్దుతుంటే, మా ఆయన జనార్దనరావు మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ, "బాగా రుద్దు ఉషా. అద్దం మసగ్గుంటే రోడ్డు అగుపడదు," అనేవారు. ఆయనకి రోడ్డు కనపడకపోవడానికి కారణం అద్దం కాదని మా ఇద్దరికీ తెలుసు. తెలిసినా నేను ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని.

ఆ పాత మారుతిని రెండువేల నాలుగులో కొన్నాం. ఆయన టెక్కలిలో ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా. నేను టీచర్ని. మా అత్తగారు అప్పలమ్మ అక్కుపల్లి దగ్గర ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఆ ఉద్దానం ప్రాంతంలో చాలామందికి లాగే ఆవిడకీ కిడ్నీలు పాడయ్యాయి. కొబ్బరితోట వదిలిపెట్టి టెక్కలి రమ్మంటే రారు. అందుకని ప్రతి శనివారం ఉప్పు తగ్గించి వండిన కూరలు, మందులు, ఉతికిన దుప్పట్లు పట్టుకుని మేం వెళ్ళాలి. ఆదివారమంతా ఇల్లు కడగాలి, ఆవిడకి తలంటాలి, బియ్యం ఏరి డబ్బాల్లో పోసి పెట్టాలి. మేం అన్నది వెళ్ళడం వరకే. అక్కడికి చేరాక ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉండేవారు.

దారి పొడుగునా ఆయన నోరు ఊరుకునేది కాదు. హైవే మీద లారీలు లైట్లు తగ్గించవు. పెళ్ళి జీపు వెనకనుంచి మన అద్దంలోకి లైటు కొట్టి, హారన్‌తో చెవులు చిల్లులు పొడిచి, దాటీ దాటగానే బ్రేకు వేస్తుంది. ట్రాక్టరుకి ఒక్క లైటే వెలుగుతుంది, మోటారు సైకిలనుకుని మనం దగ్గరగా వెళ్ళామా, అంతే సంగతులు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. పొద్దుగూకాక ధాన్యం ఎత్తుకుపోతారు గానీ రాళ్ళు తియ్యరు. ఇదంతా నిజమే, నాకూ ఒళ్ళు మండేది. కానీ ఎదురులైటు పడగానే ఆయన చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోవడం నేను చూసేదాన్ని. ఆ బండి దాటిపోయాక కూడా చాలాసేపు మెడ ముందుకి చాపి, రోడ్డు కోసం వెతుక్కునేవారు. "ఒక్కడూ డిమ్ కొట్టడు. ఈళ్ళకి లైసెన్సులు ఎవుడిచ్చినాడో," అనేవారు. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకుందామన్నాను. "నా కళ్ళకేటయింది? ఆఫీసులో ఫైళ్ళన్నీ నీ బాబొచ్చి సదువుతన్నాడా?" అన్నారు. మా నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

లైటు అద్దాల మీద అప్పట్లో నల్లరంగు చుక్క పెట్టించేవారు, ఎదుటివాళ్ళ కళ్ళలో వెలుగు గుచ్చుకోకుండా. దాన్ని ఆయన బ్లేడుతో గీకేశారు. వాళ్ళు తగ్గించనప్పుడు నేనెందుకు తగ్గించాలి అన్నది ఆయన వాదన. ఆ తర్వాత కొద్దిరోజులకే కారు ఒక కల్వర్టు గోడని రాసుకుంది. అప్పుడు ఆ వేసవి సెలవుల్లో నన్ను ఆయనే డ్రైవింగ్ స్కూల్లో చేర్పించారు. "సరదా పడతంది, నేర్సుకోనీ," అని అందరితో చెప్పారు. నేను ఎప్పుడు సరదా పడ్డానో నాకు గుర్తులేదు. కానీ స్టీరింగు చేతికొచ్చాక పడ్డాను, అబద్ధమెందుకు. నేను తిప్పితే తిరిగే వస్తువు నా జీవితంలో అదొక్కటే. ఎదురుగా వచ్చే బండి టకటకా లైటు కొడితే, నువ్వు వెళ్ళమ్మా అని దయతలుస్తున్నాడనుకునేదాన్ని మొదట్లో. "నేనొచ్చేత్తన్నాను, నువ్వాగు అని దానర్థం. ఆ మాత్రం తెలీదేటి?" అని ఆయన విసుక్కున్నారు. ఇంట్లో నేను మాట్లాడుతుండగా ఆయన దగ్గితే దానర్థం కూడా అదే కాబట్టి, తొందరగానే నేర్చుకున్నాను.

అప్పట్నుంచి చీకటి పడ్డాక కారు నడిపేది నేనే. ఎవరు తగ్గించినా తగ్గించకపోయినా నేను లైటు తగ్గించేదాన్ని. పూండి రైలు గేటు దాటి కొంత దూరం వెళ్ళాక, ఊరికి ముందు జీడితోటల దగ్గర ఒక మలుపు ఉంది. అక్కడికి రాగానే ఆయన, "ఆపు," అనేవారు. ఇద్దరం దిగి, కారు చుట్టూ తిరిగి, సీట్లు మారేవాళ్ళం. అక్కణ్ణుంచి ఇల్లు దగ్గరే. ఎదురు బండ్లు తక్కువ. ఊళ్ళోకి కారు తెచ్చేది ఆయన. దిగేటప్పుడు వెలుగు కోసం నేను లోపలి లైటు వేయబోతే, "అదేస్తే రోడ్డు అగుపడదు," అని చెయ్యి తోసేసేవారు. ఇంటి ముందు హారన్ వినగానే అత్తగారు బయటికొచ్చి, "మా బాబు ఎంత సీకట్లోనైనా పువ్వునాగ తెచ్చీగలడు. నువ్వు సుఖంగా కూకోని వచ్చీసినావు. ఆడు అలిసిపోనాడు, ముందు మంచినీళ్ళియ్యి," అనేవారు. నేను మంచినీళ్ళు ఇచ్చేదాన్ని. భుజాలు పీకుతుండేవి.

ఆ ఏడు చలికాలంలో ఒక శనివారం, మలుపు దగ్గర సీట్లు మారి అలా ముందుకి కదిలామో లేదో, ఎదురుగా కొబ్బరికాయల వ్యాను వచ్చింది. దాని లైట్లు నిండుగా ఉన్నాయి. మావీ నిండుగానే ఉన్నాయి, ఆయన తగ్గించలేదు. ఆ రెండు వెలుగుల మధ్య, లైటు లేని సైకిలు మీద అసిరయ్య ఉన్నాడు. కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపే మనిషి. సైకిలు నాకు కనిపించింది. అరిచాను. ఆయనకి కారు సైకిల్ని గుద్దిన చప్పుడే వినిపించింది.

నేను దిగి పరిగెత్తాను. మోకాలి కింద ఎముక విరిగింది. శాలువా చింపి, జీడికొమ్మ ఒకటి ఆనించి, కాలు కదలకుండా కట్టాను. అసిరయ్య కళ్ళు మూసుకుని, "లైటు తప్ప నాకేటీ అగుపళ్ళేదమ్మా," అంటున్నాడు. ఊళ్ళోంచి జనం టార్చిలైట్లు పట్టుకుని వచ్చారు. అతని తల నా ఒళ్ళో ఉంది. వెనకనుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏటి సేత్తాం. తోలతానంటే ఇచ్చినాను. ఆడమనిషి గదా, లైటు పడీసరికి గాబరా పడిపోనాది."

ఎముక కట్టిన చేతులు అతని తలని పట్టుకునే ఉన్నాయి గానీ, కాదనడానికి నోరు రాలేదు. ఇప్పటికీ ఆ నిమిషం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అసిరయ్యని ఆ వ్యానులోనే పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంటికెళ్ళాక అడిగాను, అలా ఎందుకన్నారని. "నా మీద కేసయితే ఉజ్జోగం పోతాది. నువ్వంటే ఆడమనిషివి, జనం జాలి పడతారు," అన్నారు. నాదీ గవర్నమెంటు ఉద్యోగమేనని ఆయనకి గుర్తు రాలేదు. కేసు కాలేదు. ఇన్నాళ్ళు నేను నడిపిన దారంతా ఆయన పేరున ఉంది, ఆయన చేసిన ఒక్క ప్రమాదం నా పేరున పడింది. "ఆడోళ్ళ సేతికి కారిత్తారేటి? మా బాబు మరీ మెతక," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పారు.

వాళ్ళ మాటలు పడటం నాకు అలవాటే. అసిరయ్య భార్య బొడ్డమ్మ మాట మాత్రం పడలేకపోయాను. చూడ్డానికి వెళితే పీట వేసి కూర్చోబెట్టి, నెమ్మదిగా అంది. "నాకు కోపం నేదమ్మా. కానీ నువ్వు మరింక బండి తోలకు. మా గుంటలు ఆ రోడ్డెంటే తిరుగుతారు." సరేనని తలూపాను. బయటికి వస్తుంటే వాళ్ళ పిల్లలిద్దరు రోడ్డు పక్కన ఇసకలో ఆడుకుంటున్నారు. నేను మానేస్తే ఆ రోడ్డు మీద చీకట్లో కారు తోలేది ఎవరో ఆ తల్లికి తెలియదు.

తర్వాతి శనివారం బయల్దేరేటప్పుడు ఆయన వీధిలో అందరికీ వినపడేలా, "ఇకనుంచి పూర్తిగా నేనే తోలతాను," అన్నారు. హైవే ఎక్కి మొదటి లారీ ఎదురుపడగానే కారు పక్కకి ఆపి, "తలనొప్పిగా ఉంది. మలుపు దాకా నువ్వు తియ్యి," అన్నారు. తీశాను. పూండి గేటు వేసి ఉంది. గేటుకి అవతల బండ్లన్నీ రోడ్డు మొత్తం నిండేలా నిలబడి, మా వైపుకి నిండుగా లైట్లు వేసి ఉంచాయి. ఇవతల కూడా అంతే. రైలు వెళ్ళి గేటు లేచినా ఎవరూ ఎవరికీ దారి ఇవ్వరు. నేనొక్కదాన్నే లైట్లు ఆర్పి కూర్చున్నాను. ఆయన అందర్నీ తిడుతున్నారు. నాకు బొడ్డమ్మ పిల్లలే కళ్ళముందు ఉన్నారు.

మలుపు వచ్చింది.

"ఆపు," అన్నారు.

నేను ఆపలేదు. "ఆపమంటన్నానా?" అన్నారు. ముందు లైట్లు తగ్గించాను. చెయ్యెత్తి లోపలి లైటు వేశాను.

"అదార్పు. బయటోళ్ళకి అగుపడతాం," అన్నారు.

ఆ లైటు గురించి ఆయన నిజం చెప్పడం అదే మొదటిసారి. కారు నెమ్మదిగా ఊళ్ళోకి వచ్చింది. అరుగుల మీది మనుషులు మాటలాపి చూశారు. ఆయన సీట్లో కిందికి జారి, మొహం కిటికీ నుంచి ఇటు తిప్పుకున్నారు. బొడ్డమ్మ ఇంటి ముందు కారాపి అద్దం దించాను. ఆమె గుమ్మంలోంచి దిగి వచ్చి, స్టీరింగు మీద ఉన్న నా చేతుల్ని చూసింది.

"వద్దన్నాను గదమ్మా. మళ్ళీ నువ్వే తోలతన్నావేటి?"

"చీకటి పడితే ఎప్పుడూ నేనే తోలతాను బొడ్డమ్మా. జీడితోట మలుపు దాకా. మలుపు నుంచి ఈయన తోలతారు. ఎదురులైటు పడితే ఈయనకి కళ్ళు కనపడవు. మీ ఆయన్ని గుద్దింది మలుపు దాటాకే."

బొడ్డమ్మ వంగి, నా పక్కన ఉన్న మనిషిని చూసింది. "బాబూ, నిజమేనేటి?"

ఆయన చెయ్యి పైకెత్తి లోపలి లైటు ఆర్పేశారు.

నేను మళ్ళీ వేశాను.