పసుపు పనికని మానేసిన మాత్ర

“గీ జరంత పసుపు విరిసెటందుకు గింతసేపా?” అన్నాడు లింబాద్రి, భార్య గంగామణి ముందున్న కుప్పను చూసి. బదులు పనికి వచ్చిన ఆడవాళ్లు తలెత్తలేదు గానీ, వాళ్లలో ఎవరో నవ్వడం ఆమెకు వినిపించింది.

పెర్కిట్ ఊళ్లో బదులంటే ఇవాళ వాళ్లు మన చేన్లో చేస్తే రేపు మనం వాళ్ల చేన్లో చేయాలి. తవ్విన పసుపులో తల్లి దుంపలైన మండల నుంచి కొమ్ములు విరిచి వేరు చేయడంలో గంగామణి చేయి ఎప్పుడూ ముందుండేది. నిరుడు గుండెదడ మొదలైతే ఆర్మూర్ డాక్టరమ్మ గుండె వేగం తగ్గించే మాత్ర రాసింది. దడ తగ్గింది, దాంతోపాటు ఒంట్లో సత్తువా తగ్గింది. కాసేపు కూర్చుంటే చాలు, అత్త పోచవ్వ “ఏడుగుర్ని కన్న, నేను గిట్ల కూలబడలే” అనేది. చూపించుకోవడానికి గాయమా, జ్వరమా? ఉట్టి అలసట. ఆ ఇంట్లో ఆడదాని అలసటను ఒళ్లు బద్ధకమనేవారు. వినీ వినీ గంగామణి కూడా అదే నిజమనుకుంది.

“నీరసంగా ఉంటే నన్నడుగు, నీ అంతట నువ్వు మానేయకు” అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా పసుపు పని అయ్యేదాకానే కదా అనుకుని, పొద్దున్నే మాత్రను మురుగు పారే మోరీలో పడేయసాగింది. మొదట్లో చేతులు చకచకా ఆడాయి. “గిప్పుడు మనిషి లెక్క చేస్తున్నవ్” అన్నాడు లింబాద్రి. ఆ మాటకు ఆమె మురిసిపోయింది. తర్వాత తలుచుకుంటే ఆ మురిపెమే అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించింది.

ఒకరోజు ఉడికిన పసుపు ఆరబోస్తుంటే గుండె ఒక్కసారిగా ఉరకలెత్తింది. ఛాతీ పట్టేసి కూలిపోతే ఆ ఆడవాళ్లే ఆటోలో వేసి ఆర్మూర్ దవాఖానకు తెచ్చారు. వెనకే లింబాద్రీ వచ్చాడు.

“మాత్ర రోజూ వేసుకుంటుందా?” అడిగింది డాక్టరమ్మ.

“రోజు ఏస్కుంటది మేడం. నేనే తెస్త” అన్నాడు లింబాద్రి.

“అయితే మోతాదు పెంచాలి” అంటూ ఆమె పెన్ను తీసింది.

మామూలు మాత్రకే కాళ్లు బరువెక్కే తనను ఎక్కువ మోతాదు ఏం చేస్తుందోనని గంగామణికి భయమేసింది. నిజం చెబితేనో, మొగుడి ముందు, తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల ముందు దొంగ అవుతుంది. అయినా చెప్పేసింది.

“ఏస్కుంటలేను మేడం. మోర్ల పారేసిన.”

“ఇది ఉన్నట్టుండి మానే మందు కాదమ్మా. మానితే గుండె ఇట్లాగే ఎదురు తిరుగుతుంది. అలసటని చెబితే నేనే తగ్గించేదాన్ని. ఎందుకు మానేశావు?”

“ఏస్కుంటే పని సాగుతలేదు.”

డాక్టరమ్మ పెంచబోయిన మోతాదు కొట్టేసి, తక్కువతో మళ్లీ మొదలుపెట్టింది. కొన్నాళ్లు చేను మొహం చూడొద్దంది.

డాక్టరమ్మ బయటికి వెళ్లగానే లింబాద్రి గొణిగాడు. “అందరి ముంగట పరువు తీసినవ్. ఎల్లుండి నరహరోళ్ల చేన్లకు బదులు పోవాలె. మనింటికెల్లి ఎవరు పోతరు?”

“నువ్వు పో.”

“ఆడోళ్ల నడుమ కూసోని పసుపు విరుస్తనా? సిగ్గు గాదా?”

“గా సిగ్గుకే నేను సావబోయిన” అంది గంగామణి. “ఇగ జర నువ్వు సిగ్గుపడు.”