తాళం వేసిన ఆవు

పుంగనూరు పొట్టి ఆవుల మేత మీద నేను రాసిన పరిశోధన వ్యాసం పత్రికలో అచ్చయిందని విని, గుర్రప్ప అందులో తన ఆవు బొమ్మ చూపించమన్నాడు. నేను మదనపల్లె నుంచి బస్సులో వచ్చి, రెండేళ్లు ఆయన కొట్టంలోనే కూర్చుని రాసుకున్న వ్యాసం అది. ఫోన్లో తెరిస్తే తాళం బొమ్మ కనబడింది. చదవాలంటే డబ్బు కట్టమంటోంది.

"రాసింది నువ్వే కదా సాదియమ్మా?"

"నేనేప్పా. హక్కులు పత్రికోళ్లకి రాసిచ్చేసినాను."

కుప్పం యూనివర్సిటీలో నా పరిశోధన చూసే గైడు మాటలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. వ్యాసం అచ్చేయడానికి మూడు దార్లున్నాయట: గోల్డ్ అనే పద్ధతిలో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, కానీ ఫీజు రాసినవాళ్లే కట్టాలి. అంత స్తోమత నాకు లేదు. డైమండ్‌లో రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ ఖర్చుండదు. "ఊరికే అచ్చేసే పత్రికను ఉద్యోగమిచ్చేవాళ్లు లెక్కచేస్తారా?" అంటూ దాన్ని ఆయనే కొట్టిపారేశాడు. ఇక మిగిలింది గ్రీన్. పత్రిక అచ్చుకు ఒప్పుకున్న నా సొంత ప్రతిని యూనివర్సిటీ సైట్లో అందరికీ పెట్టొచ్చు, అదీ ఏడాది ఆగాక. అంతవరకు ఎవరికీ చూపించనని సంతకం పెట్టించుకున్నారు.

"ఒక్క యేడాది ఆగప్పా," అన్నాను.

గుర్రప్ప ఆవు గంగడోలు నిమిరాడు.

"ఇది ముసలిదమ్మా. యేడాదికి ఉంటాదో లేదో," అన్నాడు. నావైపు తిరిగాడు. "నువ్వు వచ్చినప్పుడు ఈ కొట్టానికి తలుపు యాడుండె, తాళమెయ్యడానికి?"