పదిహేనో రూలు

బస్సు డిపోలో భోజనాల హాలు పక్క గదిలోకి ఆ పూల్ బల్ల వచ్చిన రోజున దాన్ని ఎలా ఆడాలో తెలిసినవాడు ఒక్కడూ లేడు. మూతపడిన ఏదో క్లబ్బు నుంచి మేనేజరు తెప్పించాడు. నాలుగు కాళ్లలో ఒకటి పొట్టిదైతే, దాని కింద అరిగిపోయిన బ్రేకు ప్యాడు ముక్క పెట్టి సరిచేశారు. పదహారు బంతులు, మూడు కర్రలు, వాటితోపాటు చీమ తలకాయంత అక్షరాలతో అచ్చేసిన రూల్సు పుస్తకం. దాన్ని చూడగానే అందరూ తలా ఒక పక్కకి జారుకున్నారు. ఎలాంటి కాగితం వచ్చినా ఓపిగ్గా చదివిపెట్టే మనిషి డిపో మొత్తానికి టైర్ల మేస్త్రి ఒక్కడే. పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "మా మట్టిబుర్రలకి ఎక్కేలా రాసిపెట్టు మేస్త్రీ" అన్నారు.

మేస్త్రి వారం రోజులు దాన్నే పట్టుకు కూర్చున్నాడు. కర్రతో తెల్లబంతినే కొట్టాలి. చారల బంతులు ఒకరివి, నిండు రంగు బంతులు ఇంకొకరివి. తెల్లబంతి ముందుగా నీ బంతినే తాకాలి. తెల్లబంతే బల్ల అంచున ఉండే గుంటలో, అంటే పాకెట్లో, పడితే ఫౌల్. ఫౌల్ అయితే అవతలివాడు తెల్లబంతిని చేత్తో తీసి తనకు నచ్చినచోట పెట్టుకోవచ్చు. కొట్టేటప్పుడు ఒక కాలైనా నేలమీద ఉండాలి. చొక్కా అంచు బంతికి తగిలినా ఫౌలే. నీ బంతులన్నీ పాకెట్లలో పడ్డాకే నల్లబంతి. అది వేసినవాడిదే ఆట. ఇలా పదిహేను రూల్సు, ఒక్కోటీ రెండు ముక్కల్లో, పసిపిల్లలకి చెప్పినట్టు రాశాడు. ఆ మాత్రం మెచ్చుకోవాలి ఆయన్ని.

పదిహేనోది ఇది: తెల్లబంతి నీ బంతిని తాకాక, ఏదో ఒక బంతి పాకెట్లో పడాలి, లేదా ఏదో ఒకటి బల్ల అంచుకైనా తగలాలి. రెండూ జరక్కపోతే ఫౌల్.

ఇక్కడే వచ్చింది చిక్కు. బల్ల రావడానికి రెండేళ్ల ముందు టైరు బిగిస్తుండగా రింగు ఎగిరొచ్చి మేస్త్రి కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ బలం రాలేదు. గట్టిగా కొడితే మోచేతిదాకా జివ్వుమంటుంది. బల్ల వచ్చిన మొదటి వారంలోనే ఆయన తనకు వీలైన ఆటేదో కనిపెట్టుకున్నాడు. తెల్లబంతిని నిద్రపోతున్న పిల్లని పక్కకి జరిపినట్టు మెల్లగా తోసి, తన బంతికి అలా ముద్దుపెట్టుకున్నట్టు తాకించి, దాని వెనకే దాచేసేవాడు. అవతలివాడికి కొట్టడానికి దారుండదు. బాడీ సెక్షన్ వెల్డరు ఉన్నాడు, సమ్మెట పోటు వేసినట్టు కొట్టే మనిషి. వాడు కూడా ఈ దాగుడుమూతలకి తల పట్టుకున్నాడు. పదిహేనో రూలు గోడెక్కితే మేస్త్రి ఆట ఆ పూటతో సరి.

ఫెయిర్ కాపీ రాసేటప్పుడు అట్ట మీద పద్నాలుగు రూల్సే పట్టాయి. చోటు చాల్లేదని తనకి తనే చెప్పుకున్నాడు. నిజానికి కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. అందులో ఒక పువ్వు బొమ్మ కూడా వేశాడు మహానుభావుడు. అట్టని గోడకి తగిలించి, రూల్సు పుస్తకాన్ని మాత్రం తన పెట్టెలో, పాత ట్యూబుల అడుగున పెట్టాడు. ఆ తర్వాత డిపోలో ఆయన పేరు మారిపోయి "రూల్సు మేస్త్రి" అయింది. ఆటలో తగువొస్తే ఆయన్నే పిలిచేవాళ్లు, ఆయన మాటే శాసనం.

బల్ల వచ్చిన కొన్నాళ్లకి ఆయన అక్క కూతురు ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేరింది. చిన్నప్పటినుంచీ మామయ్య దగ్గర దానికి చనువెక్కువ. బయటి మనుషుల ముందు నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల, మామయ్య ఎదురుగా కూర్చుంటే చాలు గయ్యాళి అయిపోయేది. గవ్వలాడినా గోళీలాడినా ఇద్దరికీ పేచీ తప్పేది కాదు. "తొండి మామయ్యా! నువ్వు తొండి!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. డిపోలోనూ అంతే. మధ్యాహ్నం టిఫిను డబ్బా పది నిమిషాల్లో ఖాళీ చేసి ఇద్దరూ బల్ల దగ్గర వాలిపోయేవాళ్లు.

"నీ చొక్కా తగిలింది."

"తగల్లేదే!"

"తగిలింది, నేను చూశా. ఫౌల్. బంతి ఇటివ్వు."

"కళ్లా అవి, టార్చిలైట్లా?"

పెళ్లీ పిల్లలూ లేని మేస్త్రికి రోజు మొత్తంలో ఆ అరగంటే పండగ. దాంతో పోట్లాడి ఓడినా ఆయనకి కడుపు నిండినట్టుండేది. లోకంలో తనని భయం లేకుండా, మొహమాటం లేకుండా నిలదీసే మనిషి అదొక్కతే. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

పిల్లది చూస్తుండగానే మామయ్యని మించిపోయింది. దూరం నుంచి కొట్టినా గురి తప్పేది కాదు. దానికి తోడు మామయ్య దాచే విద్య కూడా నేర్చుకుంది. "ఇది మాత్రం నీ దగ్గరే నేర్చుకోవాలి మామయ్యా" అని ఎంత మురిసిపోయిందో. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ సంవత్సరం డిపోల మధ్య జరిగే పోటీలకి దాని పేరు ఇచ్చినప్పుడైనా చెప్పాల్సింది. కోచ్ అన్నచోట తన పేరు రాసి సంతకం పెడుతున్నప్పుడు మేస్త్రికి పదిహేనో రూలు గుర్తుకొచ్చింది, రాకేం. చెబితే ఇన్నేళ్ల గెలుపులకీ లెక్క చెప్పుకోవాలి. ఎలాగూ ఇది కొట్టి గెలిచే పిల్ల, దాచే అవసరమే రాదులే అని సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటి సర్దుబాట్లలో మనవాడు ఆరితేరినవాడు.

మూడు ఆటల్లో నిజంగానే ఆ అవసరం రాలేదు. ఎదురొచ్చినవాళ్లని ఉతికి ఆరేసింది. ఫైనల్లో ఎదుటివాడు వేరే డిపో కండక్టరు, అనుభవం ఉన్నవాడు. వాడికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. దీనికింకా రెండు బంతులున్నాయి, ఒక్కదాన్నీ పాకెట్లో వేసే దారి లేదు. అది తల తిప్పి, జనంలో మామయ్య ఎక్కడున్నాడో చూసుకుని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడగానే అది ఏం చెయ్యబోతోందో మేస్త్రికి తెలిసిపోయింది. వద్దని అరుద్దామనుకుని, చుట్టూ ఉన్న డిపోవాళ్లని చూసి ఆగిపోయాడు.

తెల్లబంతి మెల్లగా దొర్లింది. పిల్ల బంతిని అలా తాకి, దాని చాటునే ఆగిపోయింది. నల్లబంతి కనుచూపులో లేదు. అంత చక్కగా మేస్త్రి కూడా ఎన్నడూ దాచలేదు. డిపోవాళ్లు చప్పట్లు కొట్టబోయారు.

"ఫౌల్," అన్నాడు రెఫరీ.

"ఫౌలా? నా బంతినే కదా తాకింది!"

"తాకింది. ఏ బంతీ అంచుకి తగల్లేదు, పాకెట్లోనూ పడలేదు. ఫౌలే అమ్మా."

"అలాంటి రూలు లేదు సార్! మా మామయ్య పుస్తకం మొత్తం చదివి రాశాడు. మా డిపో గోడ మీదుంది, కావాలంటే వచ్చి చూడండి!" నోట్లో నాలుక లేని ఆ పిల్ల అంతమందిలో, మామయ్య తరఫున గొంతు చించుకుని పోట్లాడింది.

రెఫరీ మంచివాడే. కాగితం చూసుకుని మేస్త్రి వైపు తిరిగాడు. "కోచ్ గారూ, మీరే కదా. ఈ రూలు అమ్మాయికి చెప్పలేదా?"

వందమంది మొహాలు ఆయన వైపు తిరిగాయి. వెల్డరు కూడా చూస్తున్నాడు. మేస్త్రికి తన గొంతే తనకి వినిపించింది. "చెప్పానండీ. మర్చిపోయినట్టుంది."

పిల్లది ఆయన్ని చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆ చూపులో మొదట ఏమీ అర్థంకానితనం, ఆ తర్వాత అంతా అర్థమైపోవడం రెండూ ఆయనకి కనిపించాయి. అది కర్రని బల్లకి ఆనించి, "అవును సార్. మర్చిపోయాను," అంది. కండక్టరు తెల్లబంతిని చేత్తో తీసి తనకు నచ్చినచోట పెట్టుకుని, నల్లబంతి వేసేశాడు.

ఆటలో ఓడితే వారంలో మర్చిపోతారు. డిపోవాళ్లు దాని ఓటమిని మర్చిపోయారు గానీ, మతిమరుపుని మాత్రం గుర్తుపెట్టుకున్నారు. "వైర్లు బిగించావా తల్లీ, అదీ మర్చిపోయావా?" అని ఒకడు. "ఏదీ, నా పేరు చెప్పు చూద్దాం," అని ఇంకొకడు. వేళాకోళం వేళాకోళంగా ఆగితే బాగుండేది. ఒకరోజు ఒక బస్సు హెడ్‌లైట్లు దారిలో ఆరిపోయాయి. అది ఆ పిల్ల చేసిన పని కాదు, అయినా సూపర్‌వైజరు ఆ రోజునుంచి అది బిగించిన ప్రతి కనెక్షన్‌నీ ఇంకొకరి చేత చూపించడం మొదలెట్టాడు. అది తలొంచుకుని పనిచేసుకునేది. మధ్యాహ్నాలు బల్ల దగ్గరికి రావడం మానేసింది. మేస్త్రి మొహం చాటేసుకుని టైర్ల మధ్య కూర్చుని డబ్బా తినేవాడు. తిన్నది ఒంటికి పట్టేది కాదు.

చివరికి ఉండబట్టలేక, గోడమీది అట్టలో పువ్వు బొమ్మ మీదే పదిహేనో రూలు రాసేశాడు. మర్నాడు హాల్లో ఒకటే నవ్వులు. "చూశారా, మేనకోడలు మళ్లీ మర్చిపోకుండా ఎర్ర సిరాతో రాశాడు పాపం!"

ఆ మాట ఆయన్ని కోసేసింది. అక్కడే, అన్నాల మధ్యలో లేచి నిలబడ్డాడు.

"అది మర్చిపోలేదు. నేనే చెప్పలేదు. నా చెయ్యి విరిగిందని, నేను ఓడిపోతానని ఆ రూలు దాచేశాను. దానికే కాదు, మీకెవరికీ చెప్పలేదు. అక్కడ అబద్ధమాడింది నేను."

వెల్డరు లేచొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "కూర్చో మేస్త్రీ. ఆడపిల్ల పరువు కోసం నింద నెత్తినేసుకుంటున్నావు. నీలాంటి మామయ్య ఎంతమందికి ఉంటాడు?" నలుగురూ అవునవునన్నారు. మేస్త్రి "కాదురా, నిజం!" అని మొత్తుకున్నకొద్దీ వాళ్ల కళ్లలో ఆయన ఇంకా పెద్దవాడైపోయాడు. పెట్టె తీసి పుస్తకం తెచ్చి చూపించాడు. పుస్తకంలో ఆ రూలు ఉందని వాళ్లెప్పుడు కాదన్నారు? అట్ట మీద రాయకపోతేనేం, పోటీకెళ్లే పిల్లకి చెప్పే ఉంటావు అన్నారు.

ఆ సాయంత్రం పని దిగే వేళకి ఎలక్ట్రికల్ సెక్షన్ గుమ్మంలో నిలబడ్డాడు. అది టెస్టరూ పట్టకారులూ ఒక్కొక్కటీ తుడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"అందరి ముందూ చెప్పేశానమ్మా. నమ్మలేదు."

"విన్నాను."

"నీకు అక్కడే తెలిసిపోయింది కదూ? మరి మర్చిపోయానని ఎందుకన్నావు?"

అది సంచి మూతి బిగించింది. "మీరప్పటికే అనేశారు కదా. అంతమందిలో మా మామయ్య అబద్ధం చెబుతున్నాడని ఎలా అంటాను?"

ఎన్నడూ లేనిది ఆ 'మీరు' విని మేస్త్రికి మొహం మీద తలుపేసినట్టయింది. "రేపు ఒక్క ఆట ఆడదాం రా," అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు. అది సరేనంది.

మర్నాడు మధ్యాహ్నం చెప్పినట్టే వచ్చింది. గదిలో ఇద్దరే. ఆట మామూలుగానే సాగింది. దాని గురి ఏమీ చెడలేదు. మేస్త్రి వంతు వచ్చినప్పుడు కావాలనే వంగి, చొక్కా అంచుని ఒక బంతికి తగలనిచ్చాడు. బంతి కదిలింది. అది చూసింది. చూసి, కర్రకి సుద్ద రాసుకుంటూ ఊరుకుంది.

ఇంకోసారి తెల్లబంతిని మెల్లగా తోసి దాచాడు. ఏ బంతీ అంచు దాకా పోలేదు. పసివాడికైనా తెలిసే ఫౌల్, ఎదురుగా గోడమీద ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆయన నిటారుగా నిలబడి ఎదురుచూశాడు. తిట్టు, కేకలెయ్యి, కర్ర విసిరికొట్టు, ఏదో ఒకటి చెయ్యి తల్లీ అనుకున్నాడు. అది తలుపు వైపు చూస్తూ నిలబడింది.

ఇక ఆగలేకపోయాడు. తెల్లబంతిని తనే తీసుకెళ్లి దాని అరచేతిలో పెట్టాడు. "ఫౌల్ చేశానమ్మా. బంతి నీది. నీకెక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో."

అది బంతిని ఒకసారి చూసుకుంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, బంతి ఇందాక ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే జాగ్రత్తగా పెట్టింది. ముసలివాళ్లకి చెప్పినట్టు మెత్తగా, "పర్లేదు మామయ్యా, ఏమీ కాలేదు. మళ్లీ మీరే ఆడండి," అంది.