నీలి కవరులో కాపురం

నేను ఒక గ్రామఫోను రికార్డును. ముందే చెబుతున్నాను, నాకు అసూయ ఎక్కువ. దాచుకునే ఉద్దేశం కూడా లేదు.

నాలో ఉన్నది విజయనగరం వైపు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే తాతారావు ఊపిరి. నా పేరు ‘వానలో మేళం’. బొమ్మలు వేయించే స్తోమత లేక బూడిదరంగు అట్టకవరు తొడిగారు. నా నడుమనున్న బిళ్ల మీద పేరైనా అచ్చు వేయించలేదు.

విశాఖపట్నంలో భానోజీరావు గారి రికార్డుల కొట్టుకు చేరాను. ఆయనకో పద్ధతుంది. శుక్రవారం శుక్రవారం దిగే కొత్త ఆల్బమ్‌లన్నీ విని, మెచ్చినదానికి తన చేత్తో చీటీ రాసి, బట్టల క్లిప్పుతో కవరుకు తగిలించి గుమ్మం ఎదురుగా నిలబెడతారు. ఒక వారం ఆ చీటీ నాకే దక్కింది. జనం చదివారు, తలూపారు, వెళ్లిపోయారు.

మరుసటి శుక్రవారం ‘నీలి గది’ దిగింది. ఎవరో హైదరాబాదు అమ్మాయి గిటారు మీటుతూ పాడిన పాటలట. ఆ నీలి కవరు నిగనిగలు చూడాలి! భానోజీరావు గారు నా క్లిప్పు ఊడదీసి దానికి పెట్టారు. కొట్లో ఇంకో క్లిప్పే లేనట్టు! నాకు కళ్లు లేవు గానీ, ఉంటే నిప్పులు పోసుకునేదాన్ని.

ఆదివారానికల్లా దాని కాపీలన్నీ చెల్లిపోయాయి. కొట్లో వినిపించడానికి విప్పినది ఒక్కటే మిగిలింది. నా కాపీలు మాత్రం కట్ట విప్పకుండా అలాగే ఉన్నాయి.

అప్పుడొచ్చారు పళ్ల డాక్టరు హైమవతి గారు. చీటీ చదివి, "విప్పినదైనా పర్లేదండీ, ఇచ్చేయండి. క్లినిక్కులో వేస్తాను. పన్ను తొలిచే మిషను చప్పుడుకే పేషెంట్లు హడలిపోతున్నారు" అన్నారు. ఆ వేళ కొట్లో పాటల మిషను మీద తిరుగుతున్నది నేను. నీలి గది పక్కన బల్ల మీద పడుకుని ఉంది. భానోజీరావు గారు మాటల ధ్యాసలో నన్నెత్తి నీలి కవరులో దూర్చేశారు, దాన్నేమో నా బూడిద కవరులో.

నాకూ ఒక ఇల్లు దొరికిందని పొంగిపోయాను. ఆ పొంగు ఒక్క పూటే. పన్ను పీకించుకోవడానికొచ్చిన ఒక పెద్దాయన నోట్లో దూదితోనే అడిగాడు.

"ఈ సన్నాయేటి డాక్టరమ్మా? పన్ను సంగతే మర్సిపోనాను!"

"‘నీలి గది’ అని కొత్త ఆల్బమ్ అండీ" అని ఆవిడ కవరు చూపించారు.

సొమ్మొకడిది, సోకొకడిది. రోజంతా తిరిగేది నేను, మెప్పు దానికి. వచ్చినవాళ్లు ఆ పేరే రాసుకుని వెళ్లేవారు. నోరున్నా నా పేరు చెప్పుకోలేని బతుకు!

కొన్నాళ్లకు భానోజీరావు గారు బూడిద కవరు విప్పి నాలుక్కరుచుకున్నారు. వెంటనే ఫోను చేశారు. హైమవతి గారు నన్ను పట్టుకుని కొట్టుకొచ్చారు. ఇక పాత మూలకే అనుకుని హడలిపోయాను.

"తప్పు నాదేనమ్మా. మీరు కొన్నది ఇదీ" అంటూ ఆయన నీలి గదిని మిషను మీద పెట్టారు. ఆవిడ కళ్లు మూసుకుని ఒక పాట పూర్తిగా విన్నారు. అది పాడినంతసేపూ నేను కుమిలిపోయాను. బాగా పాడింది మరి, అదే నా బాధ.

"బాగుందండీ. కానీ నా పేషెంట్లకి అలవాటైనది ఇదే, నాకూను. దీన్నే ఉంచుకుంటాను. ఇంతకీ దీని పేరేంటండీ?"

"వానలో మేళం."

"వానలో మేళం" అని ఆవిడ నెమ్మదిగా పలికారు. నన్ను కొన్నవాళ్ల నోట నా పేరు వినడం అదే మొదలు. బూడిద కవరులోకి మారాను. ఆ కవరు కూడా అందంగానే తోచింది.

ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బీచి రోడ్డు గాలికి ఆవిడకు హుషారొచ్చి కూనిరాగం అందుకున్నారు. నాలోని ఏ పాటో పోల్చుకుందామని చెవి పెట్టాను.

నాది కాదు. ఇందాక ఒక్కసారి విన్న ఆ నీలి గది పాట.