పన్నెండో నెల రాయి

ఆ శనివారం పొద్దున ఆకాశం కిందికి దిగొచ్చి మా నాలుగో అంతస్తు బాల్కనీ గ్రిల్లు దగ్గర ఆగిపోయింది. పొగమంచులో ఎదురు అపార్టుమెంటు లేదు, దాని కింద పాల బూత్ లేదు. అంతా తెల్లగా, తడిగా, కదలకుండా ఉంది. ఘాజియాబాద్‌లో జనవరి ఇంతే. ఎండ వస్తుందో రాదో పదకొండు దాటితే గాని తెలియదు.

నేను ముప్పైమందికి సరిపడా ఉల్లిపాయలు కోస్తున్నాను. మా ఆయన రాజీవ్ టేబుల్ దగ్గర కూర్చుని, మా కూడికలో అందరి ముందూ చెప్పడానికి కాగితం మీద రాసుకున్న సాక్ష్యం నాకు చదివి వినిపిస్తున్నాడు. ఆయన తాగుడు మాని ఆ రోజుకి సరిగ్గా సంవత్సరం.

“ఇది విను సువార్తా. ‘తొమ్మిదేళ్లు తాగాను. ఉద్యోగం మీదకి తెచ్చుకున్నాను. కానీ దేవుని కృప, ఏ రోజూ నా భార్య మీద చెయ్యి ఎత్తలేదు.’ బాగుందా?”

నా చేతిలో కత్తి ఆగింది.

“ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయి,” అన్నాను. అందులో అబద్ధం లేదు. అలాగని జవాబూ లేదు.

“ఇంత బాగా రాస్తానని నాకే తెలీదు,” అని నవ్వాడు. పెళ్లైన కొత్తలో చూసిన నవ్వు అది. మధ్యలో ఎక్కడికో పోయి ఈ మధ్యే తిరిగొచ్చింది. అదంటే నాకు ఇష్టం. కష్టమంతా అక్కడే.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం పప్పుచారులో ఉప్పు లేదన్నాడు. ఉప్పు తేవడానికి లేచాను. ‘ముందే చూసుకోవా’ అని ఒక్క తోపు తోశాడు. స్టవ్ గట్టు అంచుకి నా ఎడమ మణికట్టు తగిలి విరిగింది. ఆయన వెళ్లి సోఫాలో పడి నిద్రపోయాడు. మా అమ్మాయి ఇషిత ట్యూషన్‌లో ఉంది. చున్నీతో చెయ్యి కట్టుకుని ఆటో ఎక్కాను. డాక్టరు అడిగితే బాత్రూంలో జారిపడ్డానన్నాను. మర్నాడు ఆయన లేచి, కట్టు చూసి కంగారు పడితే ఆయనకీ అదే చెప్పాను. నమ్మాడు. ‘చెప్పులేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను’ అని కోప్పడి, సాయంత్రానికి కొత్త రబ్బరు చెప్పులు తెచ్చాడు. అవి ఇప్పటికీ బాత్రూం బయటే ఉన్నాయి. ఎముక అతికింది గాని అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు. సగంలో ఆగిపోతుంది. చర్చిలో రొట్టె తీసుకునేటప్పుడు కుడిచెయ్యి ఒక్కటే చాపుతాను.

ఎందుకు దాచానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మా అత్త ఫోనులో ఎప్పుడూ ఒకటే అనేది. ‘నువ్వు నవ్వు మొహంతో ఎదురెళితే వాడు బయటికెందుకు పోతాడే.’ తోశాడని చెబితే, తోసేదాకా ఎందుకు తెచ్చుకున్నావంటుందని తెలుసు. అప్పటికే నాకు అబద్ధాలు అలవాటైపోయాయి. ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పేదాన్ని. ఆయనకి నేను తెప్పించిన జ్వరాలు నిజమైతే మనిషన్నవాడు బతకడు. ఊళ్లో మా పెద్దమ్మని రెండుసార్లు చంపాను. ఇషితకి నాన్నకి తలనొప్పి అని చెప్పాను. నేను పనిచేసే క్రెష్‌లో మేడం, ‘కళ్లు ఉబ్బాయేంటి, పిల్లలు భయపడతారు’ అంటే జలుబన్నాను. ఇంటిపని, క్రెష్ పని కాక ఇది మూడో పని. దీనికి సెలవు లేదు.

తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం నడిచే మా కూడికకి విడుదల కూడిక అని పేరు. చిన్న స్కూలు హాలొకటి అద్దెకు తీసుకుని, ఢిల్లీ చుట్టుపక్కలున్న తెలుగు విశ్వాసులు నెలకి రెండు శనివారాలు చేరతారు. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లు వంటగది పక్క గదిలో కూర్చుంటారు. మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. సలహా ఇవ్వకూడదు, మధ్యలో ప్రార్థన ఎత్తుకుని మాట ఆపకూడదు. చెప్పడం అయ్యాక అందరూ ‘విన్నాం’ అంటారు, అంతే. ఆ ఒక్క మాట కోసం దక్షిణ ఢిల్లీ మునిర్కా నుంచి రెండు మెట్రోలు మారి వచ్చేవాళ్లున్నారు.

ఆడవాళ్ల గదిని నడిపేది ఛాయాదేవి ఆంటీ. మొదటి రోజుల్లో ఒకసారి, “మీరేం మానాలనుకుంటున్నారు?” అని అడిగింది. అందరం నవ్వాం. “మేమేమన్నా తాగుతామా ఆంటీ,” అంది ఒకావిడ. ఆంటీ నవ్వలేదు. “మా ఆయనకి టైఫాయిడ్ అని రైల్వే ఆఫీసుకి ఏడుసార్లు చీటీ రాశానమ్మా నేను,” అంది.

ఆ నెలలోనే రాజీవ్ ఆఫీసు నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. మళ్లీ జ్వరమా మేడం అన్నాడు. “కాదు సార్. తాగుడు మానడానికి మందులు వాడుతున్నారు. చేతులు వణుకుతున్నాయి, అందుకే రాలేదు,” అన్నాను. రాజీవ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఉద్యోగం పోలేదు. ఆ రోజు నుంచి పదకొండు నెలలు, కొత్త అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. పాతది ఒక్కటి మిగిలింది.

ఆ శనివారం హాలు వంటగదిలో పెద్ద గిన్నె స్టవ్ మీదికి ఎక్కించేటప్పుడు ఎడమచెయ్యి మొరాయించింది. ఛాయాదేవి ఆంటీ రెండో వైపు పట్టుకుంది. బయట మగవాళ్లు కుర్చీలు వేస్తూ నవ్వుకుంటున్నారు. ఆయన తాగినప్పుడు వంట నాదే. మాని సంవత్సరం నిండిన రోజు కూడా నాదే, కాకపోతే ముప్పైమందికి.

మా కూడికలో ఒక ఆచారం ఉంది. సంవత్సరం నిండినవాళ్లకి యమున ఒడ్డున ఏరుకొచ్చిన గుండ్రాయి మీద పన్నెండు అని రంగుతో రాసి ఇస్తారు. ఇచ్చేది భార్య. ముందు ఆయన సాక్ష్యం చెప్పాలి, ఆమె అందరి ముందూ ‘నిజమే’ అనాలి, తర్వాత రాయి చేతిలో పెట్టాలి.

“ఆంటీ, ఎవరైనా ‘నిజమే’ అనకుండా ఉన్నారా ఇప్పటిదాకా?”

ఆంటీ మూత పక్కన పెట్టి నా మణికట్టు వైపు చూసింది. జారిపడ్డానన్న మాట ఆవిడెప్పుడూ నమ్మలేదని అప్పుడు తెలిసింది.

“లేదమ్మా.”

“చెబితే మళ్లీ మొదలెడతాడేమోనని భయం.”

“సలహా ఇవ్వకూడదని రూలు పెట్టింది నేనే,” అంది ఆంటీ. “పెట్టినప్పుడు ఇంత కష్టమనుకోలేదు.” పప్పుచారు గిన్నె మీద మళ్లీ మూత పెట్టింది.

హాల్లో అందరూ కలిసి కూర్చున్నారు. ఛాయాదేవి ఆంటీ భర్త రామమోహనరావు అంకుల్ పిలవగానే రాజీవ్ లేచి కాగితం విప్పాడు. చేతులు వణకలేదు. బాగా చదివాడు. ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు మగవాళ్లు తలలూపారు. ఇషిత ఫోను పక్కన పెట్టి వింది. తర్వాత ఆ వాక్యం వచ్చింది. అక్కడ కాగితం చూడలేదు, నా వైపు చూసి చెప్పాడు. వెనక ఎవరో స్తోత్రం అన్నారు.

“వందనాలు రాజీవ్,” అన్నాడు అంకుల్. “సువార్తమ్మా, రా తల్లీ.” రాయి నా కుడిచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. దాని మీద అంకె ఇషితే వేసింది, పసుపు రంగుతో, కొంచెం వంకరగా.

ఆ ఒక్క మాట అంటే అయిపోతుంది. భోజనాలవుతాయి. ఆ నవ్వుతోనే ఇంటికి వెళతాం. రేపు నా చెయ్యి గురించి ఎవరు అడిగినా మళ్లీ బాత్రూం, మళ్లీ చెప్పులు. ఆ కాగితంలోని వాక్యం ఆయన రాసుకున్నదని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. దాన్ని రాయించింది నేనే. నేను ఇచ్చిన అబద్ధాన్నే ఆయన కృతజ్ఞతగా చదివాడు.

“సంవత్సరం నుంచి తాగలేదు. అది నిజమే,” అన్నాను. “చెయ్యి ఎత్తలేదన్నది నిజం కాదు. ఈ మణికట్టు బాత్రూంలో విరగలేదు. మీరు తోస్తే స్టవ్ గట్టుకి తగిలి విరిగింది. జారానని మీకు చెప్పింది నేనే. ఆ అబద్ధం ఇవాళ మానేస్తున్నాను.”

సలహా లేదు, ప్రార్థన లేదు. అలా ఊరుకోవడం ఎంత కష్టమో ఆ మొహాల్లో కనిపించింది.

“నాకు గుర్తు లేదు,” అన్నాడు రాజీవ్.

“నాకుంది.”

రాయిని ఎడమచేతిలోకి మార్చుకుని చాపాను. అరచెయ్యి సగంలో ఆగింది. రాయి జారిపోకుండా వేళ్లు ముడుచుకోవాల్సి వచ్చింది. ఆయన దాన్నే చూశాడు. రెండేళ్లుగా అదే చేత్తో గిన్నె పట్టుకుని అన్నం వడ్డిస్తున్నాను, చూడటం మాత్రం అప్పుడే. చెయ్యి చాపి రాయి తీసుకున్నాడు. తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

ముందు ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, మెల్లగా అన్నారు. “విన్నాం.”

కిటికీలోంచి స్కూలు గేటు కనిపిస్తుంది. గేటు దాటితే రోడ్డు, రోడ్డవతల మందు షాపు. పొగమంచు అప్పుడే విడుతోంది. ఆయన గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అంకుల్ లేవబోయాడు. ఛాయాదేవి ఆంటీ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

“మమ్మా, పాపా కహాఁ జా రహే హైఁ?” నాన్న ఎక్కడికి వెళుతున్నాడని అడుగుతూ ఇషిత నా పక్కకొచ్చింది.

తలనొప్పి అనడం తేలిక. “తెలీదమ్మా,” అన్నాను. “తిరిగొస్తే బాగుండును.”

“జో ఆప్‌నే బోలా, వో సచ్ హై?” నువ్వు చెప్పింది నిజమేనా అని.

“నిజమే.”

అది నా చెయ్యి పట్టుకుంది. ఎడమచెయ్యి. వంటగదిలోంచి అన్నం మాడుతున్న వాసన వచ్చింది. నేను వెళ్లలేదు. ఎవరో లేచి స్టవ్ ఆపారు. వెళ్లి ఆయన్ని తీసుకురమ్మని కాళ్లు తొందరపెట్టాయి. తొమ్మిదేళ్లు అలా తెచ్చినదాన్నే. ఆ రోజు కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయన మళ్లీ తాగుడులో పడితే తప్పు నాదవుతుందా అని ఒకసారి అనుకున్నాను. నిలబడితే ఆ గొప్ప నాదని ఎవరూ అనరు కదా అని కూడా అనుకున్నాను. అప్పుడు కాస్త ఊపిరి ఆడింది.

ఎండ వచ్చింది. గేటు ఊచల నీడలు నేల మీద పడ్డాయి. ఆయన ఇటు తిరిగాడు.

లోపలికొచ్చి నా ముందు ఆగాడు. పిడికిట్లో రాయి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాసనేమీ లేదు. నా ముక్కు దాన్ని ముందే వెతికేసింది, దానికది అలవాటు.

“విన్నాను,” అన్నాడు.

నేను పర్వాలేదనలేదు. పర్వాలేదని నాకింకా అనిపించలేదు. ఆయన రాయి కిటికీ గట్టు మీద పెట్టి వంటగదిలోకి వెళ్లాడు. మాడిన అన్నం గిన్నె రెండు చేతులతో ఎత్తి హాల్లోకి తెచ్చాడు. మగవాళ్లు ఒకరొకరే లేచి వెళ్లి కూర గిన్నె, పళ్లాలు, గరిటెలు తెచ్చారు. ఆడవాళ్లం ఏం చేయాలో తోచక కాసేపు నిలబడి, తర్వాత చాపల మీద కూర్చున్నాం.

ఆయనే వడ్డించాడు. అడుగు తగలకుండా పైనున్న తెల్లన్నం తీసి ముందు నా పళ్లెంలో పెట్టాడు. చివరికి తనూ నా ఎదురుగా కూర్చున్నాడు.

మొదటి ముద్దకే తెలిసింది. పప్పుచారులో ఉప్పు వేయడం మరిచిపోయాను. నా చెయ్యి పళ్లెంలో ఆగింది. ముప్పైమందీ తింటున్నారు, ఒక్కరూ ఉప్పు మాట ఎత్తలేదు. ఆయన కూడా ఒక ముద్ద తిని నా వైపు చూశాడు. లేచి వంటగదిలోకి వెళ్లి ఉప్పు గిన్నె తెచ్చి, చాప మీద మా ఇద్దరి మధ్యా పెట్టి కూర్చున్నాడు. నేను చిటికెడు తీసుకున్నాను. తర్వాత ఆయన తీసుకున్నాడు.