మాఫీ కాగితం

లాయరు కావాలనుకున్న పిల్ల నేరుగా లా కాలేజీలో చేరక, ముందు కార్మిక సంబంధాలంటూ రెండేళ్ళ పీజీ పెట్టుకుంటే చుట్టాలు ఊరుకుంటారా? "జెండా పట్టుకొని తిరుగుతదా ఏంది?" అని ఎల్బీనగర్‌లో ఆ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నవ్విపోయారు. స్పందన మొండిది. పనిచోట ఏం జరుగుతుందో తెలియనివాడు కోర్టులో ఏం వాదిస్తాడని ఆమె పట్టుదల.

శుక్రవారం పొద్దున చైతన్యపురిలో లా ఎంట్రన్స్ కోచింగ్‌లో ఉండగా తల్లి భూలక్ష్మి ఫోన్ చేసింది. తండ్రి నర్సింహులుకు ఆయన సేల్స్‌మన్‌గా పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపువాళ్ళు వారం కింద నోటీసిచ్చారట. జవాబిచ్చేదాకా డ్యూటీకి రావద్దన్నారట. బిడ్డకు తెలిస్తే చదువు చెడుతుందని ఆయన రోజూ టిఫిన్ డబ్బా పట్టుకొని ఊరికే బయటికి పోతున్నాడు.

"తప్పయింది, మాఫ్ చెయ్యుర్రి అని కాగితం రాసుకపోయిండు. ఇస్తే అయిపోతదిలే," అంది భూలక్ష్మి.

స్పందన పుస్తకాల సంచీ అందుకొని లేచింది. అయిపోయేది కొలువే! తప్పు చేశానని మనిషే సంతకం పెట్టి ఇచ్చాక ఇక విచారణ దేనికి, అదే సాకుగా తీసేస్తారు. పోయిన నెల పీజీ పరీక్షలో ఆ ముక్క తనే రాసింది.

మెట్రోలో ఒక్క స్టేషనే. అది దాటేలోపు యాదగిరి నర్సన్నకు మూడుసార్లు మొక్కుకుంది. తీరా చూస్తే షాపు పక్క చాయ్ హోటల్లో నర్సింహులు తాపీగా కూర్చుని ఉన్నాడు.

"కాగితం ఇచ్చినవా నాయినా?"

"రాహుకాలం గద బిడ్డా. పన్నెండు దాటినంక ఇద్దామని."

రాహుకాలాన్ని ఇన్నాళ్ళూ వెక్కిరించిన పిల్ల ఆ పూట దానికి మనసులోనే దండం పెట్టింది. తండ్రి పక్కన బెంచీ మీద కూర్చుంది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"అసలు నువ్వు చేసిన తప్పేంది?"

"ఒకామె గా చీర చేనేతదేనా అనడిగింది. కాదమ్మా, ప్రింటు అన్న. షాపుకు నష్టం చేసిన్నట."

"నిజంగ ప్రింటేనా?"

"పోచంపల్లిల మగ్గం కాడ పెరిగినోన్ని, నాకు తెల్వదా?"

"మరి మాఫీ ఎందుకు?"

"పెద్దోళ్ళు అడిగితే తప్పయిందనాలె గద. మర్యాద."

ఆ మర్యాద కాగితాన్ని స్పందన అక్కడే నాలుగు ముక్కలు చేసింది. నోటుబుక్కులోంచి కాగితం తీసి కొత్త జవాబు రాసింది: కొనేవాళ్ళు అడిగారు, ఉన్నమాట చెప్పాను, అది అబద్ధమైతే చీరను అందరి ముందు పరీక్ష చేయించి విచారణ జరపండి.

నర్సింహులు సంతకం పెట్టి ఇచ్చిన ఆ కాగితాన్ని మేనేజరు శేఖర్ రెండుసార్లు చదివి, పైనున్న ఓనరు దగ్గరికి పోయాడు. చాలాసేపటికి దిగి వచ్చాడు. "నోటీసు వాపస్. రేపటి నుంచి రా, నర్సింహులన్నా."

"గదే మాట కాగితం మీద రాసియ్యుర్రి సార్," అంది స్పందన. రాసిచ్చాడు.

బయటికొచ్చాక నర్సింహులు వారం రోజుల ఊపిరి ఒక్కసారే వదిలాడు.

"లా ఎన్నేండ్లు బిడ్డా?"

"మూడు."

"జర జల్ది కానియ్యి. మాఫీ కాగితమిచ్చి ఇంట్ల కూసున్నోళ్ళు మా ఒక్క కౌంటర్లనే ముగ్గురున్నరు."